నేజ్‌బీ యుద్ధాన్ని బల్ల మీద ఆడబోయే మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య దీవెనలు.

స్నేహితుల్ని పోగేసి నేజ్‌బీ యుద్ధాన్ని బొమ్మలతో ఆడిస్తానని రాశావు, సంతోషం. ఏ సైజు బొమ్మలు కొనాలి, ఏ రూల్స్ తీసుకోవాలి అని అడిగావు. అవి తర్వాత. ముందు ఆ రోజు ఎవరి గుర్రాలు మాట విన్నాయో, ఎవరివి వినలేదో తెలుసుకో. ఆట మొత్తం అక్కడే ఉంది.

కథ నీకు తెలిసిందే. ఇంగ్లండులో రాజుకీ పార్లమెంటుకీ జరిగిన అంతర్యుద్ధంలోది. 1645 జూన్ 14 పొద్దున, నార్తాంప్టన్‌షైర్‌లో నేజ్‌బీ ఊరికి ఉత్తరాన ఉన్న బయలు. రాజు మొదటి ఛార్లెస్ దగ్గర 9 వేల పైచిలుకు మనుషులు, పార్లమెంటు తరఫున ఫెయిర్‌ఫాక్స్ దగ్గర సుమారు 14 వేలు. రాజు కుడి రెక్కలో ఉన్న రూపర్ట్ తన గుర్రపుదళంతో ఎదుటనున్న ఐర్టన్ రెక్కను చీల్చుకుని, ఆ ఊపులో ఊరి దగ్గరున్న సామాన్ల బళ్ళ దాకా వెళ్ళిపోయాడు. లొంగిపొమ్మంటే బళ్ళ కాపలావాళ్ళు లొంగలేదు. అవతలి రెక్కలో క్రామ్‌వెల్ కూడా తన ఎదుటి లాంగ్‌డేల్‌ని తరిమాడు. కానీ కొందరినే వెంట పంపి, మిగిలిన వాళ్ళను పట్టి నిలిపి, మధ్యలో పోరాడుతున్న రాజు పదాతి మీదికి తిప్పాడు. రూపర్ట్ వెనక్కి వచ్చేసరికి ఆదుకోవడానికి పదాతి మిగల్లేదు.

ఇప్పుడు బల్ల దగ్గరికి రా. రూపర్ట్‌ని ఆడే కుర్రాడికి చరిత్ర తెలుసు. పగ్గాలు పూర్తిగా వాడి చేతికిస్తే ఐర్టన్‌ని ఓడించి, బుద్ధిగా ఎడమకి తిరిగి ఫెయిర్‌ఫాక్స్ పదాతిని వెనకనుంచి నలిపేస్తాడు. ఆట బాగానే ఉంటుంది, కానీ అది నేజ్‌బీ కాదు. అలాగని "రూపర్ట్ నాలుగో టర్నులో బల్ల దిగిపోవాలి" అని రాసేస్తే అది హరికథ అవుతుంది, ఫలితం ముందే చెప్పేసినట్టు. ఆ సేనాపతికి ఉన్న ఇబ్బందినే ఆటగాడికీ పెట్టు, ఫలితాన్ని పాచికలకు వదిలెయ్యి. నేనైతే ఇలా పెడతాను: రాజు పక్షపు గుర్రపుదళం ఎదుటి దళాన్ని విరగ్గొడితే పాచిక వెయ్యాలి. 5 గాని 6 గాని పడితే ఆగుతుంది, లేకపోతే తరుముకుంటూ పోతుంది. బల్ల అంచు దాటిన దళం ప్రతి టర్నుకీ పాచిక వేసి, 6 పడితేనే తిరిగొస్తుంది, అదీ అలసిపోయి. క్రామ్‌వెల్ దళాలకు 3 నుంచే ఆగే వీలుంటుంది. ఏ రూల్స్ పుస్తకం కొన్నా ఈ ఒక్క మార్పు చెయ్యి.

ఇక కొలతలు. ఇక్కడ లెక్క వేసి చూడకపోతే డబ్బు తగలేస్తావు. ఆరడుగుల బల్ల మీద రెండు కిలోమీటర్ల నేల పరుస్తావనుకో. ఒక సెంటీమీటరు సుమారు 11 మీటర్లు. మస్కెట్ అంటే అప్పటి పొడుగు తుపాకీ, దాని గుండు పనికొచ్చే దూరం వంద గజాల లోపే, అంటే బల్ల మీద 8 సెంటీమీటర్లు. వెయ్యి మంది రెజిమెంటు ఆరు వరసల లోతున నిలబడితే దాని ముఖం 150 మీటర్లు, బల్ల మీద 13, 14 సెంటీమీటర్లు. ఈ జాగాలో 28 మిల్లీమీటర్ల ఎత్తు బొమ్మలు పెడితే రెజిమెంటుకి ఏడెనిమిది మందే పడతారు. మధ్యలో పైక్‌లనే పొడుగాటి ఈటెలవాళ్ళు, రెండు పక్కలా మస్కెట్లవాళ్ళు అన్న ఆకారమే కనిపించదు. 6 మిల్లీమీటర్లవి తీసుకుంటే రెజిమెంటు రెజిమెంటులా కనబడుతుంది. పెద్ద బొమ్మలు అందంగా ఉంటాయి, కాదనను. అవి అద్దాల బీరువాలో పెట్టుకోడానికి.

ముచ్చటపడి 15 మిల్లీమీటర్లవే కొంటే మాత్రం పైక్‌ల విషయంలో జాగ్రత్త. అసలు పైక్ 16 అడుగులు, మనిషికి దాదాపు మూడింతలు. అంటే నీ బొమ్మకి నాలుగున్నర సెంటీమీటర్లు ఉండాలి. మెత్తటి లోహంతో పోసినవి రెండోసారి ముట్టుకోగానే వంగిపోతాయి. అవి కత్తిరించేసి, ప్లాస్టిక్ చీపురు కుచ్చులోంచి గట్టి పోగులు తీసి అతికించు. తీగ పెట్టాలని చూడకు, బల్ల సర్దేటప్పుడు వేళ్ళకి గుచ్చుకుంటాయి. హైదరాబాదులో వానాకాలం ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) స్ప్రే చెయ్యొద్దు. గాలిలో తేమకి బొమ్మ మీద తెల్లగా పొడి పట్టినట్టవుతుంది.

మస్కెట్లకి మరీ ఎక్కువ బలం ఇవ్వకు. నేజ్‌బీలో రెండు పదాతి దళాలూ ఒకదానికొకటి కనబడేసరికే దగ్గరపడ్డాయి. కాల్చింది ఒక్క మోత, ఆపైన రాజుగారి మనుషులు కత్తులతో, మస్కెట్ మడమలతో మీద పడ్డారని రాజు పక్షం వాళ్ళే రాసిపెట్టారు. మొదట వాళ్ళదే పైచేయి. ఫెయిర్‌ఫాక్స్ ముందు వరసలో అయిదు రెజిమెంట్లు, వెనక మూడు. ముందు వరస చాలావరకు వెనక్కి తగ్గింది, ఆ పదాతిని నడిపే స్కిప్పన్‌కి గుండు దెబ్బ తగిలింది. కాబట్టి మొదటి తాకిడిలో రాజు పదాతికి ఒక పాచిక ఎక్కువివ్వు. వెనకున్న మూడు రెజిమెంట్లు అందుకున్నాక ఆ లాభం పోవాలి.

ఒకరికొకరు కనబడకపోవడానికి కారణం ఉంది. ఫెయిర్‌ఫాక్స్ తన సైన్యాన్ని గట్టు నెత్తి నుంచి కొంచెం వెనక్కి లాగాడు, ఏ దళం ఎక్కడుందో అవతలివాళ్ళకి తెలియకుండా. బల్ల మీద ఇది చీటీలతో తేలికగా చెయ్యొచ్చు. పార్లమెంటు దళాల బదులు బోర్లించిన చీటీలు పెట్టు, రెండు మూడు ఖాళీవి కలుపు, గట్టెక్కినప్పుడే తిప్పు. గట్లకి బట్ట కింద థర్మాకోల్ ముక్కలు చాలు. బయలుకి పడమటి పక్కనున్న సల్బీ పొదల కంచెకి గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు కత్తిరించుకో. ఆ కంచె వెనకే పార్లమెంటు పక్షపు ఓకీ డ్రాగూన్లు, అంటే గుర్రాల మీద వచ్చి నేల మీద పోరాడే తుపాకీవాళ్ళు, గుర్రాలు దిగి, రూపర్ట్ వెళ్ళే దారి పొడుగునా పక్కనుంచి కాల్చారు.

రాజుగారి బొమ్మ ఉట్టి అలంకారం కాదు. ఆఖర్న తనే రిజర్వు గుర్రాలతో దూకబోతే కార్న్‌వాత్ ప్రభువు గుర్రం కళ్ళెం పట్టి ఆపాడు. గుర్రం తిరిగింది, అది చూసి దళమంతా వెనక్కి తిరిగింది. రాజుని కదిపే ఆటగాడు దూకమంటే పాచిక వేయించు. 1 పడితే కార్న్‌వాత్ వచ్చాడని చెప్పు. చూస్తూండు, ఆ నిమిషంలో బల్ల చుట్టూ ఎంత గోల జరుగుతుందో!

గెలుపు మాట. రెండు వైపులా తూకం సరిచెయ్యడానికి రాజుకి లేని సైన్యం కల్పించకు. ఎనిమిదో టర్ను దాకా రాజు పదాతి సగం నిలబడితే అతనే గెలిచాడను. రాజుగారి ఉత్తరాల పెట్టెని ఒక బండి మీద పెట్టు. అది పార్లమెంటు చేతికి చిక్కడం ఓటమంత నష్టం. ఆ ఉత్తరాలని కొద్ది వారాల్లోనే అచ్చేసి రాజు పరువు తీశారు మరి. రాజు పదాతి లొంగిపోగానే ఆట ఆపెయ్యి. ఆ తర్వాత తరుముతూ వెళ్ళిన పార్లమెంటు సైనికులు రాజు సైన్యం వెంట వచ్చిన ఆడవాళ్ళని వంద మందికి పైగా చంపారు. స్నేహితులకి ఆ సంగతి చెప్పు, కానీ దానికి పాచికలొద్దు.

రూపర్ట్ ఆటగాడు తొందరగా ఖాళీ అయిపోతాడు. వాడికి మధ్య పదాతిలో ఒక బ్రిగేడ్ కూడా ఇవ్వు, లేకపోతే ఫోను చూసుకుంటూ కూర్చుంటాడు. ఎదుటి పక్షం ఎడమ రెక్కని నిమ్మళంగా ఆడేవాడికివ్వు. ఐర్టన్ పని దెబ్బలు తినడమే. అసలు ఐర్టన్‌కి తొడలో పైక్, మొహాన ఇంకో పోటు దిగాయి, కొంతసేపు పట్టుబడ్డాడు కూడా.

బొమ్మలకి ఆర్డరు పెట్టే ముందు కాగితం మీద పటం గీసి నాకు పంపు. సల్బీ కంచె పడమటి వైపు రావాలి, పార్లమెంటు ఎడమ చేతికి, రాజు కుడి చేతికి. చాలామంది తిరగేసి పెడతారు.

మామయ్య