ప్రైమరీ బడిలో నీతి పీరియడ్: తాత పేరు అడగడంతో మొదలుపెట్టండి

మీరు అడిగింది ఇది: కొత్తగా ఎస్‌జీటీగా (ప్రైమరీ తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరుగా) చేరారు, పెద్దసారు మూడు నుంచి ఐదో తరగతి దాకా నీతి పీరియడ్లన్నీ మీకే ఇచ్చారు. క్లాసులో అన్ని మతాల పిల్లలూ ఉన్నారు. మతం ఊసెత్తొచ్చా, లేక కథలు చెప్పి ఊరుకోవాలా?

ఎత్తొచ్చు. మీరు ఎత్తకపోయినా పిల్లలు ఎత్తుతారు. వరంగల్ జిల్లాలో పర్వతగిరి వైపు పల్లె బడుల్లో ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ముందు నేను చేసిన తప్పు చెబుతాను, అది మీరు చేయకూడదని.

ఉద్యోగంలో చేరిన కొత్త. మేడారం జాతర అయిపోయి బడి మళ్లీ నిండింది. పిల్లలు బంగారం తెచ్చి పంచుతున్నారు, అదే, సమ్మక్క సారలమ్మలకు ఎత్తిచ్చిన బెల్లం. ఒక పాప చెయ్యి చాపలేదు. వాళ్లు చర్చికి పోయేవాళ్లు. నేను "ప్రసాదం వద్దనొద్దమ్మా" అని అందరి ముందూ ఆమె చేతిలో పెట్టాను. మంచి అలవాటు నేర్పుతున్నాననే అనుకున్నాను. తెల్లారి వాళ్లమ్మ వచ్చింది. కోపం లేదు, గొంతు కూడా పెంచలేదు. "పిల్ల రాత్రి అన్నం తినలే టీచర్. బెల్లం పిడికిట్లనే పట్టుకొని పన్నది. పారేస్తే మీరు కొడ్తరని, తింటే నేను కొడ్తనని భయపడ్డది" అంది. ఎనిమిదేళ్ల పిల్లను బడికీ ఇంటికీ మధ్య అట్లా నిలబెట్టింది నేనే.

ఆ తర్వాతే రాజ్యాంగం తీసి 28వ అధికరణ చదివాను. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదు. గుర్తింపు పొందిన ప్రైవేటు బడైనా, ఎయిడెడ్ బడైనా, మతబోధకో పూజకో కూర్చోమని ఎవరినీ బలవంతపెట్టకూడదు, చిన్నపిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. అయితే మతాల గురించి తెలియజేయడం ఈ నిషేధం కిందికి రాదని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నేను దాన్ని ఇట్లా గుర్తుపెట్టుకున్నాను: "మనం ఇట్లా మొక్కాలి" అంటే బోధ, "వాళ్లింట్ల ఇట్ల మొక్కుతరట, ఎందుకో అడుగుదాం" అంటే పాఠం.

ఇక ఆ పాఠం ఎట్లా? నాకు బాగా కుదిరింది పేర్ల పాఠం. శనివారం ఇంటిపని ఇస్తాను: మీ తాత పేరు, అవ్వ పేరు, ఆ పేరు ఎందుకు పెట్టారో అడిగి రండి. సోమవారం బోర్డు నిండిపోతుంది. సమ్మయ్య, సారక్క అంటే మేడారం మొక్కు. కొమురయ్య, కొమురమ్మ అంటే కొమురవెల్లి మల్లన్న. ఐలయ్య, ఐలమ్మ అంటే పాతవాళ్లు ఐలోని అని పిలిచే ఐనవోలు మల్లన్న. ఇక యాకయ్య, యాకమ్మ మా దిక్కు ఏ వాడలో చూసినా ఉంటారు. ఆ పేరు అన్నారం దర్గా యాకూబ్ బాబాది, పెట్టుకున్నవాళ్లలో చాలామంది హిందువులు. "మరి మీరు తురకోళ్లా?" అని ఒకడు అడుగుతాడు. "కాదురా, మా నాయిన పుట్టకముందు మా తాత మొక్కిండు, దర్గా కాడ కందూరు విందు చేసిండు" అని ఇంకొకడు చెబుతాడు. అక్కడ మీరు నోరు మెదపకండి, వాళ్లను మాట్లాడుకోనివ్వండి. పీరీల పండుగకు మొక్కి దట్టీ (మొక్కు గుడ్డ) కట్టే ఇండ్ల సంగతి, ఆ పండుగకు పంచే తీపి మలీద సంగతి వాటంతట అవే వస్తాయి.

చర్చికి పోయే ఆ పాప కూడా ఆ ఏడాదే ఈ పాఠంలో లేచి నిలబడింది. "మా అమ్మమ్మది ముందుగాల సమ్మక్కనే. బాప్తిస్మం తీసుకున్నంక మరియమ్మ అయ్యింది" అంది. పక్క పిల్ల అడిగింది: "మరి నువ్వు ఏమని పిలుస్తవ్?" "అమ్మమ్మా అని."

నీతి సంగతికొస్తే, కథ చివర "కాబట్టి పిల్లలూ" అనడం మానేయండి. అక్కడికి రాగానే పిల్లల కళ్లు కిటికీలోకి పోతాయి. స్విట్జర్లాండు మనస్తత్వవేత్త పియాజే పిల్లలను అడిగిన ప్రశ్న ఒకటుంది, దాన్ని నేను మా ఇండ్లకు మార్చుకున్నాను. అమ్మకు సాయం చేయబోయి, చూడక, పది గ్లాసులు పగలగొట్టిన పిల్ల ఒకరు. అమ్మ లేనప్పుడు అటుక మీది చక్కెర దొంగతనంగా తీయబోయి ఒక్క గ్లాసు పగలగొట్టినవాడు ఒకడు. ఎవరిది పెద్ద తప్పు? రెండో తరగతి పిల్లలు ఎక్కువగా పది గ్లాసులంటారు. ఐదో తరగతివాళ్లు దొంగతనం అంటారు. రెండు తరగతులనూ ఒకేచోట కూర్చోబెట్టి వాదించుకోనివ్వండి. మనకు ఎట్లాగూ ఇద్దరు టీచర్లకు ఐదు తరగతులు, ఆ కష్టం ఈ ఒక్క పీరియడ్‌లో పనికొస్తుంది. వయసును బట్టి తీర్పు మారుతుందని తెలిశాక, చిన్నపిల్లలు చెప్పే అబద్ధాలకు శిక్ష వేయడం నేను తగ్గించాను.

ఇక రోజూ చదివించే ప్రతిజ్ఞ ఉంది కదా. 1962లో దాన్ని రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావుది నల్లగొండ జిల్లా అన్నెపర్తి. అందులో ఏ మతం పేరూ లేదు. వారానికి ఒక వాక్యం తీసుకోండి. "జంతువుల పట్ల దయతో ఉంటాను" అన్న వారం, మా బడి వెనక కుక్కపిల్లలను రాళ్లతో కొట్టే పిల్లలకే వాటికి నీళ్లు పెట్టే బాధ్యత ఇచ్చాను. కొట్టడం ఆగింది. ఒకడు మాత్రం ఆపలేదు. వాళ్ల నాయిన తాగొచ్చి వాణ్ని కొడతాడని తర్వాత తెలిసింది, అప్పుడు నేను పోవాల్సింది వాళ్లింటికి.

"దేవుడు ఉన్నడా టీచర్?" అని తప్పకుండా అడుగుతారు. నేను "మీ ఇంట్ల ఏమంటరు?" అని అడుగుతాను. ఏం చెప్పినా వింటాను, ఎవరూ నవ్వకుండా చూస్తాను. పీరియడ్లు మొదలుపెట్టే ముందు తల్లిదండ్రుల మీటింగులో ఈ పద్ధతంతా చెప్పేయండి. ప్రసాదమైనా, క్రిస్మస్ కేకైనా, రంజాన్ సేమియా అయినా ఇవ్వడం ఇచ్చేవాళ్ల ఇష్టం, తీసుకోవడం తీసుకునేవాళ్ల ఇష్టమని మా క్లాసు గోడ మీద పిల్లలతోనే రాయించాను. మీరూ రాయించండి.