ముందు హాజరు పట్టీ తియ్యి

ఒరేయ్ చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "మీ మేనల్లుడు బళ్ళో ఏదో రీసెర్చ్ చేస్తాడట వదినా, టీచర్ల కాంప్లెక్స్ మీటింగులో అందరి ముందూ చెప్పేశాడట" అంది. ఎనిమిదో తరగతి లెక్కలు ఒక సెక్షన్‌కి డిజిటల్ ప్యానెల్ మీద, అదే ఆ పెద్ద టచ్ తెర మీద, రెండో సెక్షన్‌కి మామూలు బోర్డు మీద చెప్పి మార్కులు పోలుస్తావట. ఆ గొంతులో మురిపెమూ ఉంది, "వీడికి ఇదంతా ఎందుకు" అన్న దిగులూ ఉంది. నాకూ రెండూ ఉన్నాయి. వాట్సాప్‌లో రాస్తే నువ్వు బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకుంటావని కాగితం మీద రాస్తున్నాను.

2022 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులు ఇచ్చినప్పుడు, బంగారమని కొందరూ సినిమాలు చూడ్డానికే పనికొస్తాయని కొందరూ తెగ వాదించుకున్నారు. తన క్లాసులో ఏం జరిగిందో లెక్క రాసిపెట్టుకున్న మాస్టారు మాత్రం మా చుట్టుపక్కల నాకు ఒక్కరూ కనబడలేదు. నువ్వు రాస్తానంటున్నావు. అందుకే మురిపెం.

ఇక దిగులు సంగతి. అన్నిటికన్నా ముందు ఆ ప్యానెల్‌కి ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ని పిలిచి చూపించు. నవ్వకు. వానాకాలంలో గోడలు చెమ్మగిల్లే బళ్ళలో పనిచేసినదాన్ని. మధ్యాహ్నం కంచాలు కడుక్కొచ్చిన తడి చేతులతో పిల్లలు స్విచ్చి బోర్డు దగ్గరికి వెళ్తే నా గుండె గొంతులోకి వచ్చేది.

హెచ్‌ఎంకి కాగితం పెట్టు, నోటిమాట చాలదు. తల్లిదండ్రుల కమిటీలో ఒక మాట వెయ్యి. రెండు సెక్షన్లకీ ఒకటే పేపరు పెట్టు, అందులో ప్యానెల్ వీడియోలో వచ్చిన లెక్కలు ఉండకూడదు. ఇవి నీకు తెలిసినవే.

ఇప్పుడు నీకు తెలియనిది చెప్తాను. మా బడికి కంప్యూటర్ గది కొత్తగా వచ్చిన రోజుల్లో నా తోటి లెక్కల మాస్టారు అచ్చం నీలాంటి పనే చేశాడు. మనిషి పనిమంతుడు, నిజాయితీపరుడు. ఒక సెక్షన్‌ని ఆ గదికి తీసుకెళ్ళి సీడీ పాఠాలు చూపించాడు, రెండో సెక్షన్‌కి మామూలు బోర్డు పాఠం. పాఠాలకి ముందు నవంబరులో ప్రీటెస్ట్, పాఠాలయ్యాక ఫిబ్రవరి చివర్లో పోస్ట్‌టెస్ట్. అంకెలు గుండ్రంగా చెప్తాను, ఉద్దేశం పట్టుకో. 25 మార్కుల పేపరు. కంప్యూటర్ సెక్షన్ సగటు 9 నుంచి 13కి పెరిగింది. బోర్డు సెక్షన్ 10 నుంచి 12కి. రిపోర్టు పైకి వెళ్ళింది, ఆయనకి శాలువా కప్పారు, స్టాఫ్ రూములో అందరం మైసూర్ పాక్ తిన్నాం.

మార్చిలో స్కాలర్‌షిప్పుల పని మీద నేను హాజరు పట్టీ తిరగేస్తున్నాను. ఫిబ్రవరి పేజీలో కంప్యూటర్ సెక్షన్ నిండా ఆబ్సెంట్లే. మిరప కోతలు! ఆ సెక్షన్ తెలుగు మీడియం, ఎక్కువ మంది కూలి ఇళ్ళ పిల్లలు. 40 మందిలో 12 మంది పోస్ట్‌టెస్ట్ రాయనే లేదు. రెండోది ఇంగ్లీషు మీడియం, అక్కణ్ణుంచి కోతలకి వెళ్ళినవాళ్ళు లేరు. వెళ్ళిన ఆ 12 మంది ప్రీటెస్ట్ సగటు ఎంతో తెలుసా? 4. వాళ్ళని పక్కన పెట్టి మిగతా 28 మంది ప్రీటెస్ట్ మార్కులు కూడితే సగటు 11 దాటింది. అంటే ఆ పిల్లలు 11 నుంచి 13కి వచ్చారు, పెరిగింది రెండు మార్కులు. అవతలి సెక్షన్‌లో పెరిగిందీ రెండే. సగటుని పెంచినవి మిరప చేలు!

ఆయనకి చూపించాను. "రాయనివాళ్ళని నేనెలా లెక్కెయ్యను మేడమ్?" అన్నాడు. అది అడగాల్సిన ప్రశ్నే, కానీ రిపోర్టు రాసేముందు అడగాలి. కోతలయ్యాక బడికి తిరిగొచ్చిన ఒక పిల్ల నాకిప్పటికీ కళ్ళ ముందు ఉంది. వేళ్ళ చివర్లు ఎర్రగా పొక్కిపోయి, పెన్ను చూపుడువేలికి ఆనకుండా పట్టుకుని రాసేది. కన్ను దురద పెడితే జబ్బతో రుద్దుకునేది. కంప్యూటర్ గది తలుపు తీస్తే అందరికన్నా ముందు మౌస్ దగ్గరికి పరిగెత్తింది ఆ పిల్లే. ఆ పాఠాలు దానికి పనికొచ్చాయో లేదో ఆ శాలువా రిపోర్టులో ఎక్కడా లేదు.

అందుకని చెప్తున్నా. రెండు పరీక్షలూ రాసినవాళ్ళ మార్కులనే పోల్చు. రాయనివాళ్ళ జాబితా విడిగా రాయి, ఎందుకు రాలేదో పక్కనే రాయి. తిరిగొచ్చాక వాళ్ళచేతా అదే పేపరు రాయించు. సంక్రాంతి దాటాక పోస్ట్‌టెస్ట్ పెట్టుకోకు, నీ ఊళ్ళోనూ మిరప తోటలే కదా.

ఇంకోటి. ప్యానెల్ ఏ సమయాన్ని తింటోందో చూసుకో. గుజరాత్‌లో జ్ఞాన్‌శాల అనే సంస్థ బళ్ళలో లీ లిండెన్ అనే ఆయన ఒకే కంప్యూటర్ కార్యక్రమాన్ని రెండు రకాలుగా పరీక్షించాడు. టీచర్ పాఠం చెప్పే సమయంలో దాని బదులు కంప్యూటర్ పెట్టిన చోట పిల్లలు వెనకబడ్డారు. బడి వేళలు కాకుండా అదనంగా పెట్టిన చోట ముందుకెళ్ళారు. కాబట్టి ప్యానెల్ ఆన్ అవడానికి ఎన్ని నిమిషాలు, కరెంటు పోయి ఎన్ని నిమిషాలు, రోజూ రాసిపెట్టు. సెక్షన్‌కి ఒక పద్ధతి అని కూడా పంచకు. A సెక్షన్‌కి అకరణీయ సంఖ్యలు ప్యానెల్ మీద చెప్తే, ఏకచరరాశి సమీకరణాలు B సెక్షన్‌కి ప్యానెల్ మీద చెప్పు. అప్పుడు ఏ సెక్షన్‌లో తెలివైన పిల్లలున్నారన్న గొడవ చాలామటుకు తగ్గుతుంది, మాకెందుకు చూపించలేదని ఎవరూ మొహం మాడ్చుకోరు.

ప్రీటెస్ట్‌లో ఐదో తరగతి లెక్కలు కూడా పెట్టు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ సాఫ్ట్‌వేర్ మీద జరిగిన అధ్యయనంలో, ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారని తేలింది. ఆ సాఫ్ట్‌వేర్ ఏ పిల్లకి ఏది రాదో అక్కణ్ణుంచి మొదలెట్టింది కాబట్టే ఫలితం వచ్చిందని నేననుకుంటాను. నీ ప్యానెల్ అందరికీ ఒకటే చూపిస్తుంది. తీసివేత రాని పిల్లకి నీ సమీకరణాల వీడియో టీవీలో ప్రకటన లాంటిదే.

పోస్ట్‌టెస్ట్ అయిపోగానే దుకాణం కట్టెయ్యకు. వడోదరలో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్ళు చూసిన కంప్యూటర్ లెక్కల కార్యక్రమం పెద్ద లాభమే చూపించింది. కార్యక్రమం ఆగిపోయిన ఏడాదికి అందులో చాలా భాగం కరిగిపోయింది. వేసవి సెలవులయ్యాక, తొమ్మిదిలో చేరిన పిల్లలకి మళ్ళీ ఆ పేపరే ఇచ్చి చూడు.

క్లాసులో ప్యానెల్ పెన్ను ఎవరి చేతుల్లో తిరుగుతోందో ఒక కన్నేసి ఉంచు. ముందు బెంచీ మగపిల్లలు ఇద్దరి దగ్గరే ఉండిపోతుంది, పందెం. పేరు పక్కన గీత పెట్టుకుంటూ పో, వారంలో నీకే తెలుస్తుంది.

నీ మీద నాకున్న అసలు భయం వేరేరా. చిన్నప్పుడు మా ఇంటి అరుగు మీద కూర్చుని పుస్తకం వెనక జవాబు చూసి, అక్కణ్ణుంచి పైకి స్టెప్పులు రాసేవాడివి. చెవి మెలిపెట్టాలనే అనుకునేదాన్ని, కానీ ఆ స్టెప్పుల్లో ఒక్క తప్పూ దొరికేది కాదు, నాకు నవ్వొచ్చేది. ఇక్కడ ఆ తెలివి చూపించావంటే ఊరుకోను. ప్యానెల్ గొప్పదని ముందే అనుకుని మార్కులు వెతకొద్దు. పేపర్ల మీద పేర్లు వద్దు, నంబర్లు వెయ్యి, వేరే బడి మాస్టారు చేత దిద్దించు.

తేడా ఏమీ లేదని తేలితే అదే రాయి. "ప్యానెల్ దండగ" అని మాత్రం రాయకు, ఎవరో ఒకరు దాన్ని పేపర్లో వేయిస్తారు, నిన్ను ఏ మూలకో పంపిస్తారు. మా బడిలో, ఈ రెండు పాఠాలకి, ఇన్ని వారాల్లో, ఇంతమంది పిల్లల్లో ఇలా కనిపించింది అని రాయి. పిల్లల పేర్లూ ఫొటోలూ రిపోర్టులో వద్దు.

ప్రీటెస్ట్ పేపరు తయారవగానే ప్రింటు తీయించి మీ అమ్మ చేత పంపు. ఫోన్లో అక్షరాలు నా కళ్ళకి ఆనడం లేదు. ఎర్ర పెన్నుతో దిద్ది ఆదివారం బస్సులో మీ నాన్నకిచ్చి పంపిస్తాను.

ఆశీస్సులతో,
అత్త