'టేక్' వెనకాల ఏముందో విను

తెనాలి,
ఆదివారం

అమ్మలూ,

మొన్న ఫోన్లో "ఓఈటీ పాసైపోయాను పెద్దమ్మా, ఇక ఇంగ్లీషు బెంగ లేదు" అన్నావు. పక్కనే మీ అమ్మ మురిసిపోతోందని తెలిసి నేనేమీ అనలేదు. ఇంగ్లండు వెళ్ళే నర్సులకి పెట్టే ఆ ఇంగ్లీషు పరీక్ష పాసవడం మాటలు కాదు, ఒప్పుకుంటాను. అయితే పరీక్షలో పేషెంటు వేషం వేసేవాళ్ళు నీకు అర్థమయ్యేలా మాట్లాడతారు. వార్డులో ఎనభై ఏళ్ళ ముసలమ్మకి ఆ అవసరం లేదు. తన వీధిలో ఎలా మాట్లాడుతుందో నీతోనూ అలాగే మాట్లాడుతుంది.

నేను 2001లో ఇంగ్లండులోని యార్క్‌షైర్ వెళ్ళేనాటికి నాకు నర్సుగా పదహారేళ్ళ సర్వీసు ఉంది. అనస్థీషియా, హైపర్‌టెన్షన్ లాంటి బండరాళ్ళన్నీ నోట్లో సులువుగా తిరిగేవి. నన్ను బోర్లా పడేసినవి మూడో క్లాసు మాటలు: గెట్, పుట్, కమ్, గో. అన్నిట్లోకీ గడుసుది టేక్.

చేరిన మూడో వారం. తుంటి ఆపరేషన్ అయిన ఒకావిడకి పొద్దున్నే పక్క సర్దుతున్నాను. నీరసంగా నవ్వి, "ఇట్స్ రియల్లీ టేకెన్ ఇట్ అవుట్ ఆఫ్ మీ, లవ్" అంది. ఏదో తీసేశారంటోంది, ఏం తీశారు? సెలైన్ గొట్టం చూశాను, ఉంది. డ్రెయిన్ చూశాను, ఉంది. దుప్పటి ఎత్తి కాథెటర్ చూశాను, అదీ ఉంది. "వాట్ డిడ్ దే టేక్ అవుట్?" అని అడిగేశాను. ఆవిడ కుట్లు నొప్పెట్టేదాకా నవ్వింది. ఆ మాటకి అర్థం ఇంతే: ఒంట్లో సత్తువంతా లాగేసింది, పీల్చి పిప్పి చేసింది అని.

అది నవ్వుకునేది. రెండోది అలాంటిది కాదు. నైట్ డ్యూటీ హ్యాండోవర్‌లో, అంటే పేషెంట్ల సంగతులు చెప్పి డ్యూటీ అప్పగించేటప్పుడు, ఇంటికి వెళ్ళే తొందరలో ఉన్న నర్సు గబగబా "హీజ్ టేకెన్ ఎగైనెస్ట్ హిజ్ టాబ్లెట్స్" అంది. నా చెవి టేకెన్‌ని పట్టుకుంది, టాబ్లెట్స్‌ని పట్టుకుంది, మధ్యది జారవిడిచింది. మాత్రలు వేసుకున్నాడు కాబోలు అనుకున్నాను. తొమ్మిదింటికి చార్టు చూస్తే సాయంత్రం గడిలో సంతకం లేదు. పెట్టడం మర్చిపోయి ఉంటుందిలే అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. ఎందుకైనా మంచిదని సీనియర్ సిస్టర్‌ని అడగబట్టి సరిపోయింది. ఆయనకి ఆ మాత్రలంటేనే గిట్టడంలేదని, వేసుకోనని మొండికేశాడని ఆ పిల్ల చెప్పిందట. టేక్ ఎగైనెస్ట్ అంటే అదీ. "వాడంటే నాకు పడదు" అంటాం చూడు, అచ్చం ఆ పడకపోవడమే. ఒక్క చిన్న మాట చెవిన పడకపోయేసరికి, వేసుకోనన్నవాడు నా లెక్కలో వేసుకున్నవాడైపోయాడు.

కాబట్టి నేను చెప్పేది ఒకటే. టేక్ వినబడగానే అర్థం కట్టెయ్యకు. దాని వెనకాల వచ్చేది వచ్చేదాకా ఆగు. ఇది మనకి కొత్త విద్యేం కాదు. తెలుగులో క్రియ చివర్నే కూర్చుంటుంది కదా, "మాత్ర వేసు..." దాకా విని ఎవరూ లేచిపోరు, 'కున్నాడో', 'కోలేదో' తేలాలి. ఆ ఓపికే అక్కడా చూపించు. పైగా "టేక్ ఇట్ ఆఫ్" లాంటివాటిలో వాళ్ళు ఒత్తి పలికేది చివరి ఆఫ్‌నే. టేక్ నోట్లోంచి వచ్చి పోతుంది, ఆఫ్ దగ్గర గొంతు నిలబడుతుంది. నీ చెవి కూడా అక్కడే నిలబడాలి.

ఇదంతా ఇంగ్లీషువాళ్ళ విడ్డూరం అనుకునేవు. మన 'పోవడం' సంగతి చూడు. కరెంటు పోయింది, పరువు పోయింది, నిద్రపోయాడు, ఆయన పోయాడు. మన వార్డుకి తెలుగు నేర్చుకుంటున్న దొరసాని నర్సు వచ్చి, "పేషెంటు నిద్రపోయాడు"లో నిద్ర వినకుండా పోయాడు ఒక్కటే విన్నదనుకో. ఏడుపులు మొదలవుతాయి!

అర్థాల పట్టిక బట్టీ పడదామని మాత్రం చూడకు. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వేసినప్పుడే టేక్ ఒక్కదానికి 134 అర్థాలు రాశాడు. నేనూ మొదట్లో పట్టిక రాసుకున్నాను, టేక్ అప్, టేక్ ఇన్, టేక్ ఓవర్ అని వరసగా. నెల తిరిగేసరికి అన్నీ కలగాపులగం. పనికొచ్చింది ఏమిటంటే, ఎవరు, ఏ మంచం దగ్గర, ఏ వాక్యం అన్నారో ఆ వాక్యం మొత్తం రాసుకోవడం.

కొన్ని ఇప్పుడే చెబుతాను. డాక్టరు "టేక్ హిమ్ ఆఫ్ ది ఆక్సిజన్" అంటాడు. మనం ఆక్సిజన్ తీసెయ్యి అంటాం, అంటే మనిషి దగ్గర్నుంచి గొట్టాన్ని తీస్తాం. వాళ్ళ మాటలో గొట్టం కదలదు, మనిషినే దాని మీంచి దించుతారు. డ్రిప్ అయినా, వెంటిలేటర్ అయినా, ఒక మందు ఆపడమైనా ఇదే వరస. ఈ బొమ్మ ఒకసారి బుర్రలో పడిందా, ఇక తడబడవు. "టేక్ హర్ డౌన్" అంటే ఆపరేషన్ థియేటర్‌కో ఎక్స్‌రేకో తీసుకెళ్ళమని. "ఐ కుడ్‌న్ట్ టేక్ ఇట్ ఇన్" అని కూతురు అంటే, డాక్టరు చెప్పింది బుర్రకెక్కలేదని. అప్పుడు కూర్చోబెట్టి ఇంకోసారి చెప్పించాలి. "ఇట్ టుక్ ది ఎడ్జ్ ఆఫ్" అంటే నొప్పి పోయిందని కాదు, పదును తగ్గిందని మాత్రమే. చార్టులో నొప్పి లేదని రాశావో, రాత్రికి ఆ మనిషి నరకం చూస్తాడు. చర్మం అతికించిన చోట సర్జన్ "ద గ్రాఫ్ట్ హాజ్ టేకెన్" అంటే అక్కడ వెనకాల ఇంకేమీ రాదు, ఎదురుచూడకు. మన మామిడి అంటు పట్టినట్టే, అదీ పట్టిందని.

చెడ్డ కబురు చెప్పొచ్చాక "హౌ డిడ్ షీ టేక్ ఇట్?" అని అడుగుతారు. వెల్, బ్యాడ్లీ, హార్డ్, ఇందులో ఏది తగిలిస్తే అదే జవాబు. అక్కడ కథ చెప్పనక్కర్లేదు.

ఇక నీ నోటి సంగతి. తెలుగులో ఆలోచించి పలికితే ఎక్కడ తేడా కొడుతుందో నాకు తెలుసు, అన్నీ నేను చేసినవే. బీపీ చూస్తాను అనబోయి "ఐ విల్ సీ యువర్ బీపీ" అంటావు, టేక్ అనాలి. మాత్ర వేసుకోండి అనబోయి "పుట్ ద టాబ్లెట్" అంటావు. ఎక్కడ పెట్టాలా అని ఆయన బల్లకేసి చూస్తాడు. దానికీ టేకే. రక్తం తీయడం, ఫోటో తీయడం, కునుకు తీయడం, ప్రాణం తీయడం మాత్రం మనకీ వాళ్ళకీ ఒకటే, భయపడకు. స్నానానికి "టేక్ బాత్" అని ఊరుకోకు, మధ్యలో 'ఎ' ఉండాలి. ఆ 'ఎ' నాకు రెండేళ్ళు పట్టింది.

వ్యాకరణం ఒక్కటంటే ఒక్కటి. ఆఫ్, అవుట్, డౌన్, ఇన్ లాంటివి క్రియకి అంటుకుని వచ్చినప్పుడు ఇట్, దెమ్ అనే చిన్న మాటలు మధ్యలోకే వెళ్ళాలి: "టేక్ దెమ్ ఆఫ్". "టేక్ ఆఫ్ దెమ్" అంటే చెవిలో ఇసక పోసినట్టుంటుంది వాళ్ళకి. ఎగైనెస్ట్, ఆఫ్టర్, టూ మాత్రం ఎవరినీ మధ్యకి రానివ్వవు: "షీ టేక్స్ ఆఫ్టర్ హర్ మదర్". నువ్వూ అంతేగా, మీ అమ్మ పోలికే, మొండితనంతో సహా.

ఆ దేశంలో ఒక ప్రశ్న ఉంది: "డజ్ హీ టేక్ షుగర్?" వినడానికి టీ గురించే. చక్రాల కుర్చీలో ఉన్న మనిషిని వదిలేసి, కుర్చీ తోసేవాళ్ళని ఇలా అడగడం చాలా పెద్ద అవమానం. ఆ ప్రశ్నే పేరుగా పెట్టి బీబీసీ రేడియోలో వికలాంగుల కోసం ఏళ్ళ తరబడి ఒక కార్యక్రమం నడిచింది. ఎంత పనిలో ఉన్నా కుర్చీలో మనిషి మొహం చూసి "డూ యూ టేక్ షుగర్?" అనే అడుగు. మన ఊళ్ళో పక్కన నిలబడ్డ కొడుకుని అడిగే అలవాటు ఇక్కడే వదిలేసి వెళ్ళు.

నాకు బాగా నచ్చిన ముచ్చట ఇంకొకటుంది. టేక్ అసలు ఇంగ్లీషువాళ్ళ సొంత మాట కాదు. ఉత్తరాది నుంచి ఓడల్లో దండెత్తి వచ్చి 866లో యార్క్ పట్నాన్ని పట్టుకున్న వైకింగులు మాట్లాడిన భాషలోది, వాళ్ళకది 'టాకా'. అంతకుముందు అక్కడివాళ్ళు తీసుకోవడానికి 'నిమన్' అనేవారు. వచ్చినవాడు ఉన్నవాణ్ణి తరిమేశాడు. నిమన్ పోతూ పోతూ మన నర్సుల కోసం ఒక ముక్క వదిలి వెళ్ళింది: తిమ్మిరికి మనం రోజూ రాసే 'నమ్'. అంటే పట్టుబడినది అని. మనవాళ్ళూ కాలికి తిమ్మిరి పట్టింది అనే కదా అంటారు! ఈ సంగతి తెలిసిన రోజు నైట్ డ్యూటీలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

నా పాత నోటుబుక్కు మీ నాన్న చేతికిచ్చి పంపుతున్నాను. టీ మరకలున్నాయి, ఏమనుకోకు. మొదటి పేజీలో ఎర్ర సిరాతో ఉన్న వాక్యం ఏమిటో చెప్పనక్కర్లేదనుకుంటా. వెనక సగం ఖాళీగా ఉంది, అందులో నీవి రాసుకో. చలికోటు ఇక్కడ కొనకు, అక్కడి చలికి ఆగదు.

నీ పెద్దమ్మ