కొత్తిమీర కట్ట 212 రూపాయలు

ప్రశ్న: అక్కా, మాది ఒంగోలు దగ్గర ఊరు, నాలుగేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నేనూ మా ఆయనా, ఇద్దరు పిల్లలు, అత్తయ్య. నెలకి సరుకులకి 9,000 దాటకూడదనుకుంటా, ఇరయ్యో తారీఖుకే అయిపోతాయి. పోయిన నెలవి బిల్లులూ ఫోన్లో పేమెంట్లూ కూర్చుని కూడితే 12,600 తేలింది. కిరాణా 5,800, పాలు 2,200, కూరగాయలూ పండ్లూ 3,000, మిగతా 1,600 యాప్‌లో అప్పుడోటి అప్పుడోటి తెప్పించినవి. బియ్యం ఊరి నుంచే వస్తాయి. అయినా ఇంత అవుతోంది, మా ఆయన నాదే దుబారా అంటున్నారు. ఎక్కడ తగ్గించను?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: ముందు ఆ 9,000 ఎక్కడిదమ్మా? ఎవరో పక్కింటావిడ చెప్పిన అంకె అయ్యుంటుంది. ఐదుగురు తినే ఇల్లు, పాలకే 2,200 పోతుంటే మిగిలిన 6,800లో కిరాణా, కూరగాయలు, పండ్లు అన్నీ రావాలంటే ఎలా వస్తాయి, ఆ లిమిట్ మీరు పెట్టుకున్న రోజే తెగిపోయింది. నన్నడిగితే 11,000 పెట్టుకోండి. అంటే కిరాణా, పాలు, కూరగాయలు ఇప్పుడున్నట్టే ఉండనిచ్చి ఆ 1,600 మీద పడండి ముందు.

ఆ 1,600 సంగతి నాకు బాగా తెలుసు, నేనూ అక్కడే పడ్డా. మొన్న రాత్రి రసంలోకి కొత్తిమీర లేదని ఫోన్ తీశా. డెలివరీ ఛార్జీ పడకూడదంటే 199 దాటాలంది, సరే అని బిస్కెట్లు, ఒక చీజ్ ప్యాకెట్, ఎందుకో తెలీదు ఒక నూడుల్స్ ప్యాకెట్ కూడా వేశా. బిల్లు 212. పొద్దున సొప్పు (ఇక్కడ ఆకుకూరల్ని అలాగే అంటారు) అమ్మే ఆవిడ దగ్గరైతే కొత్తిమీరతో పాటు కరివేపాకు ఊరికే వేసేది. రసం మాత్రం బాగానే కుదిరింది లెండి.

కూరగాయల 3,000కి వారానికి 750 వస్తుంది. దీనికి యూపీఐ లైట్ వాడి చూడండి, మీరు ఫోన్లో డబ్బులు కట్టే యాప్‌లోనే ఉండే చిన్న పర్సు లాంటిది. అందులో ఒక్కసారి 1,000 దాకా కట్టొచ్చు, పిన్ అడగదు, మొత్తం మీద 5,000 వరకే దాచుకోవచ్చు. ఆదివారం 750 వేసుకుని, ఆటో టాపప్ ఉంటే ఆపేసి, బండి వాళ్లకీ హాప్‌కామ్స్‌లోనూ (రైతుల సహకార సంఘం కూరగాయలూ పండ్లూ అమ్మే దుకాణం) అందులోంచే కట్టండి. హాప్‌కామ్స్‌లో ఆ రోజు రేట్లు బోర్డు మీద రాసి ఉంటాయి కాబట్టి బయట బండి వాడు చెప్పే ధర ఎక్కువో తక్కువో వెంటనే తెలిసిపోతుంది. శుక్రవారానికి 40 రూపాయలే మిగిలాయనుకోండి, ఆ పూట పప్పుచారు. ఐదు ఆదివారాలొచ్చే నెలలూ అప్పుడప్పుడు తగులుతాయి, అలాంటి నెలకి ఇంకో 750 ముందే అనుకుని ఉంచుకోండి, లేకపోతే ఆ నెల మళ్లీ మీ ఆయన నోట్లో పడతారు.

కిరాణాలో పెద్దగా తగ్గించలేం కానీ ప్యాకెట్ వెనక తిప్పి చూడ్డం అలవాటు చేసుకోండి. లీటరు నూనె తూకం సుమారు 910 గ్రాములు, పక్కనే అంతే కనిపించే ప్యాకెట్ 850 గ్రాములు ఉండొచ్చు, పది రూపాయలు తక్కువ కదా అని అది వేసుకొచ్చేస్తాం. ఎమ్మార్పీ దగ్గరే యూనిట్ సేల్ ప్రైస్ అని గ్రాముకో కిలోకో లీటరుకో ఎంతో వేసుంటుంది, రెండిటినీ ఒకే కొలతలోకి తెచ్చి చూసి తీసుకోండి. ఎప్పుడైనా ఊరి బియ్యం అయిపోయి ఇక్కడ కొనాల్సొస్తే 26 కిలోల బస్తా అడగండి. 2022 జులై నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ ఉంది, ఆ పైన లేదు, అందుకే మిల్లుల వాళ్లు 26 కిలోలు చేశారు. కిలోకి ఎంత పడుతుందో మాత్రం లెక్కేసుకోండి, బస్తా ధర చూసి మోసపోకండి.

ఇక దుబారా ఎవరిదంటారా, ఆ 1,600 ఆర్డర్లలో రాత్రి పదింటి తర్వాతవి ఎవరి ఫోన్ నుంచి వెళ్లాయో ఒకసారి ఇద్దరూ కలిసి చూడండి. మా ఇంట్లో చూశాక ఐస్‌క్రీమ్‌లన్నీ మా ఆయన ఖాతాలోవని తేలింది, ఆ రోజు నుంచి ఆయన ఆ మాట ఎత్తట్లేదు.