తెనాలి ఇల్లు ఇప్పుడు రాయించుకోకండి

ప్రశ్న: మేం న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటాం. మా అత్తగారికి 74 ఏళ్ళు. 2011లో గ్రీన్‌కార్డు మీద వచ్చారు, 2018లో సిటిజన్ అయ్యారు. ఇక్కడ ఉద్యోగం చేయలేదు కాబట్టి ఆవిడ మెడికేర్‌కి (65 దాటినవాళ్ళకు ఇచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా) నెలనెలా మేమే కడుతున్నాం. గురువారం రాత్రి బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. శనివారం ఆపరేషన్ అయింది. ఇప్పుడు స్కిల్డ్ నర్సింగ్ సెంటర్‌కి (హాస్పిటల్ తర్వాత కొన్నాళ్ళు నర్సులు, థెరపిస్టులు చూసుకునే చోటు) పంపిస్తామంటున్నారు. 100 రోజులు మెడికేర్ ఫ్రీగా చూసుకుంటుందని ఒకరన్నారు. ఆ తర్వాత తెనాలిలో ఆవిడ పేరున ఉన్న ఇల్లు మావారి పేరున రాయించేసి మెడికెయిడ్‌కి అప్లై చేయమని ఇంకొకరన్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఇల్లు రాయించే పని మాత్రం ఆపండి. కారణం కింద చెబుతాను. అంతకన్నా ముందు, ఆవిడ ఇంకా హాస్పిటల్లో ఉండగానే తేల్చుకోవాల్సింది ఒకటుంది.

నర్సును గానీ కేస్ మేనేజర్‌ను గానీ పట్టుకుని ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "ఆవిడ ఇన్‌పేషెంటా, అబ్జర్వేషనా? ఇన్‌పేషెంట్ అయితే ఏ రోజు నుంచి?" మంచం అదే, డాక్టరు అదే, సెలైన్ అదే అయినా కాగితం మీద ఈ రెండూ వేరు: ఇన్‌పేషెంట్ అంటే హాస్పిటల్లో చేర్చుకున్నట్టు, అబ్జర్వేషన్ అంటే చేర్చుకోకుండా గమనించడానికి ఉంచినట్టు. స్కిల్డ్ నర్సింగ్ సెంటర్‌కి ఒరిజినల్ మెడికేర్ (ప్రభుత్వమే నేరుగా నడిపేది) డబ్బు కట్టాలంటే అంతకుముందు వరసగా 3 రోజులు ఇన్‌పేషెంట్‌గా ఉండి తీరాలి. చేరిన రోజు లెక్కలోకి వస్తుంది, డిశ్చార్జ్ రోజు రాదు. ఎమర్జెన్సీలో గడిపిన గురువారం రాత్రి, అబ్జర్వేషన్‌లో పెట్టి ఉంటే శుక్రవారం కూడా లెక్కలోకి రావు. శనివారం ఆపరేషన్‌కి ముందు ఇన్‌పేషెంట్‌గా రాసుంటే శని, ఆది, సోమ మూడు రోజులు. మంగళవారం పంపితే ఇబ్బంది లేదు. సోమవారమే పంపేస్తే రెండు రోజులే అయినట్టు, అక్కడి బిల్లు మొత్తం మీ నెత్తినే పడుతుంది. ముందు ఇన్‌పేషెంట్‌గా రాసి తర్వాత అబ్జర్వేషన్‌కి మార్చారని తెలిస్తే, దాని మీద అప్పీలు చేసే హక్కు 2025 నుంచి వచ్చింది. ఆవిడది ప్రైవేటు బీమా కంపెనీ నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్ అయితే ఈ 3 రోజుల నియమం ఉండకపోవచ్చు గానీ, ముందస్తు అనుమతి కావాలంటారు. కార్డు తీసి చూసుకోండి.

ఇక ఆ 100 రోజుల మాట. మన వాళ్ళ ఫంక్షన్లలో కూడా ఇది తరచూ వింటుంటాను, సగమే నిజం. మొదటి 20 రోజులకే మీరేమీ కట్టక్కర్లేదు. 21వ రోజు నుంచి 100వ రోజు దాకా రోజుకు కొంత మీ వంతు. 2025లో అది 209.50 డాలర్లు, ఏటా జనవరిలో మారుతుంది. ఆ రేటున 80 రోజులూ ఉంటే 16,760 డాలర్లు. మెడికేర్ కట్టని వంతు కోసం విడిగా కొనుక్కునే మెడిగ్యాప్ పాలసీ (ప్లాన్ జీ లాంటిది) ఉంటే అది కడుతుంది. లేకపోతే చేతి డబ్బే. 101వ రోజు నుంచి మెడికేర్ పైసా ఇవ్వదు.

ఆ 100 రోజులు కూడా గ్యారంటీ ఏమీ కాదు. రోజూ ఫిజియోథెరపీయో, నర్సు మాత్రమే చేయగలిగిన పనో అవసరమున్నన్నాళ్ళే. స్నానం చేయించడం, బట్టలు మార్చడం, బాత్రూంకి తీసుకెళ్ళడం మాత్రమే మిగిలితే మెడికేర్ దృష్టిలో అది వైద్యం కాదు. చాలామందికి మూడో వారంలోనే "ఇంక ఇంప్రూవ్‌మెంట్ లేదు" అని చెప్పి కాగితం చేతికిస్తారు. అది చూసి కంగారుపడి ఇంటికి తెచ్చేసుకోకండి. 2013లో జిమ్మో అనే కేసులో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం, ఉన్న స్థితి దిగజారకుండా నిలబెట్టడానికి నిపుణుల సేవ అవసరమైనా మెడికేర్ కట్టాల్సిందే. ఆపేస్తున్నామన్న నోటీసు కనీసం రెండు రోజుల ముందు ఇవ్వాలి. ఆపే రోజుకు ముందురోజు మధ్యాహ్నం 12 లోపల, ఆ కాగితం మీదున్న నంబరుకు ఫోన్ చేసి అప్పీలు చేయండి. పన్నెండు దాటనివ్వకండి.

సెంటర్‌లో చేర్పించేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. కాగితాల కట్టలో సంతకం పెట్టాల్సిన చోటల్లా ముందే ఇంటూ గుర్తులు పెట్టి ఉంచుతారు. నా దగ్గరికొచ్చిన ఒకబ్బాయి, వాళ్ళమ్మ వీల్‌చైర్లో నొప్పితో మూలుగుతుంటే, "రెస్పాన్సిబుల్ పార్టీ" (బిల్లుకు బాధ్యత వహించే మనిషి) అన్న గీత మీద చదవకుండా సంతకం పెట్టేశాడు. నాలుగు నెలల తర్వాత బిల్లు అతని పేరు మీదే వచ్చింది. కొడుకో కోడలో హామీ ఉంటేనే చేర్చుకుంటామని అడగడం ఫెడరల్ చట్టం ప్రకారం కుదరదు. మీవారు సంతకం పెట్టాల్సివస్తే తల్లి తరఫున ఏజెంటుగా, ఆవిడ డబ్బులోంచి మాత్రమే కడతానని రాసి పెట్టాలి. అసలు ఆవిడ స్పృహలో, తెలివిగా ఉన్నారు కదా, ఆవిడ చేతే పెట్టించండి. తెలుగులో పెట్టినా చెల్లుతుంది.

ఇప్పుడు తెనాలి ఇల్లు. ఎక్కువకాలం నర్సింగ్ హోంలో ఉండాల్సివస్తే ఆ ఖర్చు భరించే ప్రభుత్వ పథకం మెడికెయిడ్. ఖర్చు మామూలుగా ఉండదు. 2024 కేర్‌స్కౌట్ సర్వేలో ఇద్దరుండే గదికే దేశం మొత్తం మీద మధ్యస్థ ధర ఏడాదికి 1,11,325 డాలర్లు. అయితే మెడికెయిడ్ రావాలంటే ఒంటరి మనిషి పేరున న్యూజెర్సీలో 2,000 డాలర్లకు మించి ఆస్తి ఉండకూడదు. ఉంటున్న ఇంటికి మినహాయింపు ఉంది గానీ, ఆవిడ ఉండేది మీ దగ్గర. తెనాలి ఇల్లు ఆస్తి కిందే లెక్క. ఇండియాలో ఉంది, ఎవరికి తెలుస్తుందిలే అనుకోవద్దు. అప్లికేషన్‌లో ఆస్తులన్నీ చెప్పి సంతకం పెట్టేది ఆవిడే. అబద్ధం తేలితే చిక్కుల్లో పడేదీ ఆవిడే.

అప్లై చేసిన రోజు నుంచి వెనక్కి 5 ఏళ్ళలో ఊరికే రాసిచ్చినవన్నీ చూస్తారు. గిఫ్ట్ డీడ్ దొరికితే ఆ ఇంటి విలువను రాష్ట్రం నిర్ణయించిన నర్సింగ్ హోం సగటు ఖర్చుతో భాగించి, అన్ని నెలలు మెడికెయిడ్ ఆపేస్తారు. ఇంటి విలువ 70,000 డాలర్లు, నెల ఖర్చు 12,000 అనుకుందాం. దాదాపు 6 నెలలు. ఆ శిక్ష రిజిస్ట్రేషన్ రోజు నుంచి మొదలైతే నేనింత గట్టిగా చెప్పను. ఆవిడ దగ్గర డబ్బంతా అయిపోయి, నర్సింగ్ హోంలో ఉండి, మిగతా అర్హతలన్నీ కుదిరిన రోజు నుంచి మొదలవుతుంది. అప్పటికి ఇల్లు మీవారి పేరున ఉంటుంది, ఆ 6 నెలల బిల్లు కట్టడానికి ఆవిడ దగ్గర ఏమీ ఉండదు.

మరేం చేయాలి? అవసరమైతే ఇంటిని న్యాయమైన ధరకు అమ్మి, ఆ డబ్బు ఆవిడ వైద్యానికే వాడండి. మార్కెట్ ధర ఇచ్చి మీవారే కొనుక్కున్నా అది దానం కాదు. వాల్యుయర్ రిపోర్టు, బ్యాంకు ద్వారా చెల్లింపు ఉండాలి. అక్కడ కొనేవాళ్ళు టీడీఎస్ మినహాయిస్తారు, ఎన్ఆర్ఓ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్ళకు ఇండియాలో ఉండే బ్యాంకు ఖాతా) నుంచి ఇక్కడికి పంపడానికి సీఏ సర్టిఫికెట్ కావాలి. కాబట్టి తెనాలిలోనో గుంటూరులోనో ఒక సీఏతో ఇప్పుడే మాట్లాడండి. ఇక్కడ మాత్రం సంతకాలకు ముందు ఎల్డర్ లా (పెద్దవాళ్ళ ఆస్తి, సంరక్షణ వ్యవహారాలు) చూసే వకీలును కలవండి. ఆ ఫీజు దండగ కాదు.

తుంటి ఆపరేషన్ అయినవాళ్ళలో చాలామంది కొన్ని వారాల్లో వాకర్ పట్టుకుని ఇంటికొస్తారు. మీకు అసలు కావాల్సింది నర్సింగ్ హోం కాకపోవచ్చు. ఆవిడ ఇల్లు దాటి బయటికి వెళ్ళలేని స్థితిలో ఉంటే నర్సు, థెరపిస్టు ఇంటికొచ్చే హోమ్ హెల్త్ సేవకు మెడికేర్ పూర్తిగా కడుతుంది, దానికి 3 రోజుల నియమం కూడా లేదు. మున్ముందు మెడికెయిడ్ అర్హత వస్తే ఎంఎల్‌టీఎస్‌ఎస్ అనే కార్యక్రమం కింద ఇంటి దగ్గరే సహాయకులు దొరుకుతారు. మీ వైపు పప్పన్నం పెట్టి, నలుగురితో కబుర్లాడుకోనిచ్చే అడల్ట్ డే కేర్ సెంటర్లు కూడా ఉన్నాయి. అలాగే ఆదాయం, ఆస్తి తక్కువున్నవాళ్ళ మెడికేర్ ఖర్చులు కట్టే క్యూఎంబీ అనే పథకానికి అర్హత వస్తే ఆ రోజువారీ వంతు కట్టే బాధ తప్పుతుంది, మీరు నెలనెలా కట్టే పార్ట్ ఏ (హాస్పిటల్ బీమా), పార్ట్ బీ (డాక్టర్ల బీమా) ప్రీమియంలూ (2025లో 518, 185, మొత్తం 703 డాలర్లు) తగ్గుతాయి. ఈ లెక్కలన్నీ ఉచితంగా చూసిపెట్టడానికి మీ కౌంటీలోనే షిప్ కౌన్సిలర్లు ఉన్నారు. 1-800-633-4227కి చేస్తే మెడికేర్ వాళ్ళే నంబరు ఇస్తారు, తెలుగు దుబాసీ కావాలన్నా అడగొచ్చు.

ఒక్కటి అడగకుండా ఉండలేకపోతున్నాను. మీ ఉత్తరంలో ఇల్లు రాయించడం గురించి ఉంది గానీ, ఆవిడేమంటున్నారో లేదు. ఆ ఇల్లు ఆవిడది. నొప్పి కాస్త తగ్గాక, మీవారు పక్కన కూర్చుని, "అమ్మా, నీకేం చేయాలనుంది?" అని అడగమనండి. సెంటర్‌కి వెళ్ళేటప్పుడు ఆవిడ కళ్ళజోడు, వినికిడి మిషను, ఓ చిన్న డబ్బాలో ఆవకాయ కూడా మరిచిపోకండి.