క్లాసులో నాటకం గోలగా మారకుండా

మేడమ్, మూడో తరగతిలో సింహం-కుందేలు కథ ఆడిస్తే ముగ్గురే డైలాగులు చెప్పారని, మిగతావాళ్లు గోల చేశారని, హెచ్‌ఎం గారు కోప్పడ్డారని రాశారు. ముందు డైలాగులు బట్టీ పట్టించడం ఆపేయండి. అది వార్షికోత్సవానికి సరే, పాఠానికి పనికిరాదు.

నలుగురైదుగురిని ఒక గుంపు చేసి, సింహం బావిలోకి తొంగిచూసే ఘట్టాన్ని కదలకుండా, మాట్లాడకుండా నిలబడి చూపించమనండి. ఒకరు సింహం, ఒకరు నీళ్లలో నీడ, ఇద్దరు చేతులు పట్టుకుని బావి గట్టు. మీరు ఎవరి భుజం తడితే వాళ్లు తమ పాత్ర మనసులో మాట ఒక్క వాక్యంలో చెప్పాలి. గట్టు కూడా మాట్లాడొచ్చు, నవ్వులన్నీ అక్కడే! నోరు విప్పని పిల్లలకు ఒక్క వాక్యమంటే అంత టెన్షన్ ఉండదు. ఆ వాక్యాలే నోట్‌బుక్‌లో రాయించి హెచ్‌ఎం గారికి చూపించండి.

గోల ఆపడానికి అరవొద్దు. డప్పు మీద ఒక దెబ్బ పడగానే ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోవాలని మొదటి రోజే ఆటలా నేర్పండి.

ట్రైనింగ్ గురించి కూడా అడిగారు కదా, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఆర్‌టీ (సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం) 1979 నుంచి ఉంది, హైదరాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. చదువులో బొమ్మలాట వాడకంపై టీచర్లకు వర్క్‌షాపులు పెడతారు. పేర్లు విద్యాశాఖ ద్వారానే వెళ్లాలి, ఎంఈఓ ఆఫీసులో ఇప్పుడే చెప్పి ఉంచండి.