మోకాలి నొప్పి తగ్గింది, మళ్లీ పరుగు మొదలుపెట్టొచ్చా?

మూడు వారాల కింద మోకాలు బెణికింది, ఇప్పుడు నొప్పి లేదు, రేపటి నుంచి పరుగెత్తొచ్చా అని అడిగారు. రేపే వద్దు. నొప్పి పోవడం వేరు, మోకాలు సిద్ధం కావడం వేరు. కీలులో కొంచెం వాపున్నా తొడ ముందు కండరం సరిగ్గా బిగుసుకోదు, పైగా కాలు వాడకపోతే ఆ కండరం కొన్ని వారాల్లోనే సన్నబడుతుంది, ఆ స్థితిలో పరుగెత్తితే భారమంతా కీలు మీదే పడుతుంది.

ముందు రెండు కాళ్లనూ పోల్చి చూసుకోండి. మోకాలు రెండోదానిలాగే పూర్తిగా చాచగలగాలి, మడవగలగాలి, వాపు ఉండకూడదు, ఒంటికాలి మీద నిలబడి కొంచెం కిందికి వంగితే మోకాలు లోపలికి వాలిపోకూడదు. మెట్లు ఎక్కేశాను కదా అనుకోకండి, అసలు పరీక్ష దిగేటప్పుడే.

అంతవరకు కాళ్లు చాచి కూర్చుని, మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి, దాన్ని నొక్కుతూ తొడను 5 సెకన్లు బిగించండి, ఇలా 10 సార్లు. తర్వాత తేలిగ్గా సైకిల్ తొక్కడం. పరుగు మొదలుపెట్టాక 1 నిమిషం పరుగు, 2 నిమిషాల నడక, అంతే, బోర్ కొట్టినా సరే. మర్నాడు పొద్దున మోకాలు ఉబ్బినా పట్టేసినా నిన్న ఎక్కువ చేశారని అర్థం, తగ్గించండి.

మోకాలు మధ్యలో లాక్ అవుతున్నా, నడుస్తుంటే పట్టు తప్పుతున్నా ఇవేవీ వద్దు, ముందు ఎముకల డాక్టర్‌కి చూపించండి. ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే ముఖ్యమైన లిగమెంట్) సర్జరీ అయినవాళ్ల లెక్క వేరు, గబుక్కున మలుపు తిరిగే ఆటలకైతే సాధారణంగా కనీసం 9 నెలలు ఆగమంటారు.